మా అత్త అడ్డం పెట్టిన గొడుగు

మా అత్త ప్రభువునందు నిద్రించిందని చిన్నమామ ఫోనులో చెప్పినప్పుడు నేను బళ్ళారిలో, కాలేజీలో పాఠం చెబుతూ ఉన్నాను. చిన్నమామ అంటే మా మామగారి తమ్ముడు. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. ఆమె నిద్రపోవడమేమిటి అనిపించింది. రూపనగుడిలోని అత్తగారింట్లో నేను ఏ వేళ వంటింట్లో గ్లాసు కదిపినా, లోపలి గదిలోంచి "ఏందది?" అనే గొంతు వినిపించేది.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు చర్చివాళ్ళు. ఎట్లా రాయను? ఆమెకు నేనంటే గిట్టదు, నాకు ఆమె అంటే గిట్టదు. ఈ సంగతి మేమిద్దరం ఎన్నడూ దాచుకోలేదు. వాళ్ళది మిషను కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. నేను హిందువుల ఇంట్లోంచి ఆమె కొడుకును ఇష్టపడి వచ్చినదాన్ని. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోనని గట్టిగా చెప్పనూ లేదు. నాకు ఏదీ అంత తొందరగా తేలదు.

నేను కడిగిన గిన్నెలు ఆమె మళ్ళీ కడిగేది, నాకు వినపడేటట్టు. ప్రార్థనలో నేను కళ్ళు మూసుకున్నానో లేదో చూడడానికి తను ఒక కన్ను తెరిచేది. ఒకసారి గొడవెందుకని నేనూ అందరితో "ఆమెన్" అన్నాను.

"నమ్మనిదానివి ఎందుకంటివి?" అంది అన్నం దగ్గర, అందరి ముందూ. "ఉప్పెయ్యని పులుసు మాదిరి ఉండాది నీ ఆమెన్."

నా నోట ఆ మాట కూడా ఆమెకు మైలేనేమో అనుకున్నాను.

ఏటా వానలు పట్టాక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చుట్టాలందరం బండ్లు మాట్లాడుకుని సండూరు కొండలకు పోయేవాళ్ళం. కొండమీది పార్కుకు పోయే దోవలో, రోడ్డు పక్కనే ఒక జలపాతం ఉంది. ఎక్కే పని లేదు, దిగే పని లేదు. బండి తలుపు తీస్తే తుంపర మొహాన కొడుతుంది. ఇనుప ఖనిజం కొండలు కాబట్టి కింద గుంటలో నీళ్ళు ఎర్రగా ఉంటాయి. ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి. మా అత్త నల్ల గొడుగు విప్పుకుని దిగి, ప్రతి ఏడూ ఒకటే మాట అనేది: "కాలు నొవ్వకుండా దొరికేదాన్ని చూసేదానికి ఇంత దూరం రావల్లనా?"

అందరూ నీళ్ళ కిందికి ఉరికేవాళ్ళు. నేను కదలబోతే మాత్రం, "నువ్వు ఈడే ఉండు" అనేది.

"మీ నీళ్ళకు నా తల పనికిరాదా అత్తా?" అన్నాను ఒక ఏడు, ఒళ్ళు మండి.

"పనికొచ్చేరోజు నీకే తెలుస్తాది. సుమ్నె ఉండు, మాట్లాడొద్దు."

అది వెలి అనుకున్నాను. ఏళ్ళ తరబడి అట్లాగే అనుకున్నాను.

పోయిన ఏడు పాస్టరయ్య కూడా మాతో వచ్చాడు. చిన్నమామ తడిబట్టలతో వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "పాస్టరయ్యా, ఈడనే కానియ్యండి! నీళ్ళుండాయి, సాక్షులుండారు. రామ్మా, రెండడుగులే!" చుట్టాలు చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ఎవరో నా భుజం తోశారు. మా ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. పాస్టరయ్య వద్దనలేదు. కాళ్ళు జారుతున్నాయి.

మా అత్త గొడుగు ముడిచి మా మధ్య అడ్డంగా పెట్టింది, గేటు వేసినట్టు.

"సాక్ బిడప్పా! చాలించు, చెయ్యి తియ్యి."

"మంచికే గదా వదినా..."

"ఏం మంచి? బాప్తిస్మం ఏమన్నా రోడ్డు పక్క నీళ్ళా, బండాపి తడిసిపోయేదానికి? దానికి నమ్మకం లేదు. లేనిదాన్ని ముంచితే తడిగుడ్డ బయటికొస్తాది, అంతే. పాస్టరయ్యా, నీకన్నా తెలీదా?"

చప్పట్లు ఆగిపోయాయి. బజ్జీల బండివాడు కూడా ఇటే చూశాడు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమెకు కృతజ్ఞత చెప్పబోయాను. "ఏం, నీ కోసమనుకుంటివా? దేవుని కోసం చెప్తిని" అని, నేను అప్పుడే కడిగి బోర్లించిన పళ్ళెం తీసి మళ్ళీ కడిగింది.

ఆమె జ్ఞాపకార్థ కూడికలో చిన్నమామ లేచి, కోడలి బాప్తిస్మమే మా వదిన ఆఖరి కోరిక అని చెప్పాడు. వచ్చే ఆదివారం జలపాతం దగ్గరే అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. కాదంటే చనిపోయిన మనిషి మాట తోసేసినదాన్ని అవుతాను. ఆమె ఆ మాట అనలేదని ఎట్లా చెప్పను? ఆఖరి రోజుల్లో నేను గదిలో లేని వేళలూ ఉన్నాయి. అనే ఉండవచ్చు. కానీ పోయిన ఏడు జలపాతం దగ్గర ఆమె అన్నది నేను నా చెవులతో విన్నాను. ఆమె మిగతా మాటల సంగతి ఏమో గానీ, ఆ మాటకు నేను సాక్షిని.

ఆదివారం నేనూ పోయాను. పోకపోతే భయపడిందంటారు.

"రామ్మా, మీ అత్త పైనుంచి చూస్తాంటాది" అన్నాడు చిన్నమామ, నీళ్ళలోంచి చెయ్యి చాపి.

"చూస్తాంటే మీ చెయ్యి తీయమంటాది మామా" అన్నాను.

మా ఆయన ఈసారి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను వెంట తెచ్చుకున్న ఆమె నల్ల గొడుగు మా ఇద్దరి మీదా విప్పాను. ఒక కడ్డీ వంగి ఉంది. ఆ మూలనుంచి నీళ్ళు ధారగా కారి, మా ఇద్దరి కాళ్ళ ముందు ఎర్రమట్టిలో చిన్న గుంట చేస్తున్నాయి.