పెద్దమ్మ పరిచిన తువ్వాల

న్యాయం కోసం ఒక ఒంటరి స్త్రీ సాగించిన మహాసంగ్రామం చెబుతాను, వినండి. నిజానికి అంత సీను లేదు. మా పెద్దమ్మ నారాయణఖేడ్ కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఎదురుచూసింది, అంతే.

పెదనాన్నను లారీ గుద్ది చంపింది. పెదనాన్నే తాగి బండి నడిపాడని, తప్పు ఆయనదేనని లారీవాళ్ల వకీలు వాదించాడు. చాయ్ కంటే ఘాటైనది ఆ మనిషి ఎప్పుడూ ముట్టలేదు. ఆయన తాగలేదన్న ఆ ఒక్క మాట మీదే పెద్దమ్మ పట్టుదలంతా.

వాయిదాకు వెళ్లినప్పుడల్లా, బస్సులో సీటు ఆపినట్టు, పక్కన ఆయన తువ్వాల పరిచేది. ఎవరైనా కూర్చోబోతే "మనిషున్నడు" అనేది.

"పోయినోనికి సీటెందుకే పెద్దమ్మా?" అన్నాను ఒకసారి.

"తాగలేదని జడ్జి చెప్తుంటే ఆయన ఇనొద్దారా?"

తీర్పు రోజు కోర్టు హాల్లో బెంచీ మీద కూడా తువ్వాల పరిచింది. చివరికి జడ్జి అదే చెప్పాడు: ఆయన తాగలేదు, తప్పు లారీదే. పెద్దమ్మ ఏడుస్తుందని నేను దస్తీ తీసి సిద్ధంగా ఉన్నాను. ఆమె తువ్వాల దులిపి, ముఖం తుడుచుకుని, ఖాళీ చోటు వైపు తిరిగి "ఇన్నవ్ గదా, ఇగ పో" అంది. దస్తీ నాకే పనికొచ్చింది.

మా ఊరు కంగ్టికి తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో తువ్వాల పరచలేదు. "రా చెల్లే, కూసో" అని ఎవరో ఆవిడను పక్కనే కూర్చోబెట్టుకుంది.

ఇంకో ఇద్దరు ఎక్కేదాకా కంగ్టి ఆటో కదల్లేదు.