నాయన వీపు మీద నడక

ఎనిమిదేళ్ళు నిండకముందే మా ఊళ్ళో నడుంనొప్పి అన్న మాట వినపడకుండా చేసినవాణ్ణి నేను. నమ్మరు కదా? మొన్న హోసూరులో మా ఇంటికి వచ్చిన సర్వే పిల్ల కూడా నమ్మలేదు. దేశంలో పెద్దవాళ్ళు ఎంతమంది నొప్పులతో బతుకుతున్నారో లెక్క తీస్తున్నారట. ఇంట్లో ఎవరికైనా మానని నొప్పులున్నాయా తాతా, ఉన్నాయన్నవాళ్ళను వచ్చే వారం డాక్టరమ్మ వచ్చి చూస్తుంది అని ఫోను పట్టుకుని అడిగింది. ఆ మాట చెవిన పడగానే, ఎన్నేళ్ళ కిందటిదో మా నాయన వీపు నా అరికాళ్ళకు వెచ్చగా తగిలింది.

మన వయసువాళ్ళకు వేరే చెప్పాలా! వేప్పనపల్లి దగ్గర మా పల్లెలో మామిడి కోతల రోజుల్లో, పొద్దు వాలేసరికి గంపలు మోసి వచ్చిన మగవాళ్ళంతా వసారాల్లో బోర్లా పడుకుంటే, పిల్లలం గోడ పట్టుకుని వాళ్ళ వీపుల మీద నడిచేవాళ్ళం. బరువైన పిల్లవాడు భుజాలకు, తేలికవాడు నడుముకు, అదే వైద్యం. సొన వాసనా చెమట వాసనా కలిసి మత్తుగా ఉండేది. కాలి కింద ఎక్కడో ఎముక టక్కుమంటే "ఆఁ, ఆడే, ఆడే తొక్కరా" అని నాయన గొణిగేవాడు, ఆ గొణుగుడు మెల్లగా గురకలోకి జారిపోయేది. ఆయన ఊపిరికి నేను పైకీ కిందికీ తేలుతూ, నిద్రపోతున్న కొండ మీద ఒంటరిగా నిలబడినట్టు మైమరచి ఉండిపోయేవాణ్ణి.

ఊరంతా అన్నాను గానీ, నిజం చెప్పాలంటే నేను తొక్కింది మా నాయననీ, చిన్నాయననీ. నయం చేశానా అంటే, మర్నాడు మళ్ళీ అవే వీపులు, అదే మూలుగు. మా అమ్మకు మాత్రం నొప్పన్నదే లేదు, ఏనాడూ ఆ వసారాలో నడుం వాల్చలేదు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్న మా అక్కదీ అదే ఒళ్ళు, ఆమెకు నొప్పి లేదని ఫోనులో కొట్టుకోమ్మా అని ఆ పిల్లకు గొప్పగా చెప్పాను. ఈ కాలంలో నడుం పట్టేస్తే మనవడు దూరం నుంచే స్ప్రే కొట్టి పోతాడు. నొప్పి గురించి అడిగేవాళ్ళు గడప దాకా వస్తున్నారు, వీపు మీద పాదం మోపేవాళ్ళే లేరు అని నిట్టూర్చాను కూడా.

వెనకాల నానిన అనపగింజలు పొట్టు ఊడేలా పితుకుతున్న అక్క చెయ్యి ఆపింది.

"నోరు ముయ్యరా! అమ్మకు నొప్పి లేదని నీకెవురు చెప్పినారు? మీరంతా తోపుకు పోయినాక, తలుపేసి అమ్మ నడుం తొక్కింది నేను. మొగోళ్ళ ముందర బోర్లా పండుకుంటుందా యాడన్నా ఆడది?" అని, ఆ పిల్ల వైపు తిరిగింది. "వాడు చెప్పింది కొట్టెయ్ పాపా. నాకు రెండు మోకాళ్ళూ నొప్పే, నడుమూ నొప్పే. డాక్టరమ్మను రమ్మను."