మా వియ్యంకుడికి నేనిచ్చిన తాత

తొమ్మిదేళ్ళు ఒక మనిషిని గుండెల మీద మోశాను. పేరు కొర్నీలియస్. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. చూడటానికి అతనంటూ ఉంటే కదా. నేనే పుట్టించి మా వియ్యంకుడికి తాతగా అంటగట్టాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నాను. చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాకే మీ దగ్గరికి వచ్చాను లెండి, ఆ మాత్రం బుద్ధి మిగిలింది.

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. కాలేజీలో పరిచయమైన కెవిన్‌ని పెళ్ళి చేసుకుంటానంది. ఐరిష్ వాళ్ళ కుర్రాడు. తల్లి లేదు. తండ్రి జేమ్స్ ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. నాకు కుర్రాడు నచ్చాడు, తండ్రి ఇంకా నచ్చాడు. నచ్చనిదల్లా డాలస్‌లో ఉండే మా ఆడపడుచు ఫోన్‌లో అన్న మాట. "గోత్రం ఎలాగూ లేదు. తాతముత్తాతల పేర్లయినా ఉన్నాయా వదినా వాళ్ళకి?"

పెళ్ళికి నెల ముందు పురోహితుడుగారు ఒక ఫారం పంపారు. కన్యాదానం వేళ వరుడు ఎవరి మునిమనవడో, ఎవరి మనవడో, ఎవరి కొడుకో పైకి చదవాలి కదా, అందుకోసం. గోత్రం దగ్గర కాశ్యప అని ఆయనే రాసేశారు. గోత్రం తెలియనివాళ్ళందరికీ అదే గోత్రం. తండ్రి జేమ్స్, తాత థామస్. ముత్తాత దగ్గర బండి ఆగింది. జేమ్స్‌ని అడిగితే హోంవర్క్ చెయ్యని పిల్లాడిలా తల దించుకున్నాడు. వాళ్ళ నాన్న థామస్ పదహారో ఏట ఒంటరిగా ఐర్లండ్‌లో ఓడెక్కి వచ్చేశాడట. అక్కడి మాట ఎత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేవాడట. తాత పేరేమిటో జేమ్స్‌కి తెలియదు.

పురోహితుడుగారు మంచివాడు. పేరు తెలియకపోతే దేవుడి పేరు చెప్పుకుని ముందుకు వెళ్ళిపోదామమ్మా, దోషం లేదన్నారు. నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నాను? జేమ్స్ నలుగురిలో చిన్నబోకూడదని అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, బాగానే నమ్మాను కూడా, కానీ నిజం తవ్వితే అడుగున కూర్చున్నది జేమ్స్ కాదు, మండపం ముందు వరసలో కూర్చోబోయే మా ఆడపడుచు. మూడు తరాలు చెప్పుకోలేని ఇంట్లో పిల్లనిచ్చారన్న మాట నేను పడలేను. అంతే. ఇంతకన్నా గొప్ప కారణం లేదు.

ఫారం నింపుతుంటే కిటికీలోంచి ఎదురింటి ముందు ప్లంబర్ వ్యాను కనిపించింది. పక్కన పెద్ద అక్షరాలతో కొర్నీలియస్ అండ్ సన్స్ అని ఉంది. పేరు ఐరిష్ పేరులాగానే ఉంది. రాసేశాను. ఫోటో తీసి ఫోన్‌లో పంపేశాను. రెండు నిమిషాలు పట్టిందేమో. తర్వాత గారెలకి పప్పు నానబోశాను, అది కూడా గుర్తుంది.

పెళ్ళిలో కెవిన్ ప్రతిదానికీ ఎడమ చెయ్యే చాపేవాడు. పురోహితుడుగారు ప్రతిసారీ కుడి చెయ్యి బాబూ, కుడి చెయ్యి అనేవారు. పిన్నీసులతో బిగించిన పంచెలో కూర్చున్న జేమ్స్ నా వైపు వంగి నవ్వుతూ చెప్పాడు. వాళ్ళ నాన్నదీ ఎడమచేతి వాటమే. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు ఆ చెయ్యి వీపు వెనక్కి కట్టేసేవాడట. ఐర్లండ్ గురించి థామస్ కొడుక్కి చెప్పిన ముక్క అదొక్కటేనట. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను, అదే నా పాపం.

కన్యాదానం వచ్చింది. మైకులో "కొర్నీలియస్ శర్మణో నప్త్రే" అని, అంటే కొర్నీలియస్ మునిమనవడికి అని, మోగింది. మా పురోహితుడుగారు అందరినీ శర్మల్ని చేసేస్తారు. అంత సంస్కృతంలోనూ జేమ్స్‌కి పేర్లు తెలిశాయి. కొడుకు పేరుకి ముందు తన పేరు, దానికి ముందు తన తండ్రి పేరు, దానికీ ముందు తెలియని పేరు. మూడోసారి చదివేసరికి ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. తలంబ్రాలయ్యాక వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎలా దొరికిందని అడిగాడు. పాత రికార్డుల్లో వెతికానన్నాను. మా ఆడపడుచు పక్కనే ఉంది. ఇంకేమంటాను?

అక్కడితో ఆగినా బాగుండేది. మూడేళ్ళ తర్వాత జేమ్స్‌కి డెబ్బై నిండాయి. పుట్టినరోజు కానుకగా పిల్లలు ఐలీన్ అనే ఆవిడని పెట్టారు. కుటుంబాల చరిత్ర వెతికిపెట్టడమే ఆవిడ వృత్తి. చర్చి రిజిస్టర్లు, ఓడల ప్రయాణికుల జాబితాలు, పౌరసత్వం కాగితాలు తిరగేసి తరాల్ని వెనక్కి పట్టుకుపోతుంది. మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, కొర్నీలియస్‌ని ఫైండ్ చేసింది నువ్వే కదా. సో నువ్వే ఐలీన్‌తో మాట్లాడు. మాకు అస్సలు టైమ్ లేదు." అలా దొంగ చేతికే తాళాలిచ్చారు.

ఐలీన్ పద్ధతి చూస్తే నా పని అయిపోయిందనిపించింది. ఆధారం చూసిన పేర్లే ఆవిడ ఇంకుతో రాస్తుంది. ఇంట్లోవాళ్ళు నోటిమాటగా చెప్పిన పేర్లు పెన్సిల్‌తో రాస్తుంది. థామస్ ఇంకులో ఉన్నాడు. కొర్నీలియస్ పెన్సిల్‌లో ఉన్నాడు. ఆర్నెల్లు వెతికాక ఒక మధ్యాహ్నం ఆవిడ నాకు ఫోన్ చేసింది. ఇంగ్లీషులో సాగిన ఆ మాటలు నాకిప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఆ ఇంటిపేరుతో, ఆ వయసులో, పక్కపక్క ఊళ్ళలో ఇద్దరు థామస్‌లు దొరికారు. ఇద్దరూ ఇల్లు విడిచి వెళ్ళిపోయినవాళ్ళే. ఒకరి తండ్రి కొర్నీలియస్. ఇంకొకరి తండ్రి జెరెమయా. మీకు కొర్నీలియస్ అన్న పేరు ఎక్కడ దొరికింది?"

"ఆన్‌లైన్‌లో ఏదో రికార్డులో చూశాను."

"ఏ రికార్డో గుర్తుందా?"

"లేదు. లింక్ దాచుకోలేదు." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే ఇంకో మాట అన్నాను. "కానీ పేరు మాత్రం ఖాయం."

"సరే. ఇంకొక్కటి. జెరెమయా మనవరాలు నోరా అని ఒకావిడ ఉంది, ఎనభై ఏడేళ్ళు. ఆవిడ మేనమామ థామస్‌ది ఎడమచేతి వాటమట, బళ్ళో చెయ్యి కట్టేసేవారట. జేమ్స్ వాళ్ళ నాన్నది ఏ చేతివాటమో ఒకసారి అడుగుతారా?"

అడగక్కర్లేదు. నాకు తెలుసు. అడిగి చెబుతానన్నాను. అవునంటే కొర్నీలియస్ కూలిపోతాడు. కొర్నీలియస్ కూలితే వాణ్ణెవరు తెచ్చారన్న ప్రశ్న వస్తుంది. రెండు రోజులాగి ఫోన్ చేసి, అడిగాను, కుడిచేతి వాటమేనట అన్నాను. పోనీ జేమ్స్ ఉమ్మిని డీఎన్‌ఏ పరీక్షకి పంపుదామా, బంధుత్వం తేలిపోతుందంది. ఆయనకి అలాంటివి ఇష్టం ఉండదండీ అన్నాను. ఆయన్ని అడిగితే కదా ఇష్టమో కాదో తెలిసేది.

నివేదిక నాకే వచ్చింది. ప్రింట్ తీయించి, బైండు చేయించి జేమ్స్‌కి ఇచ్చే పని కూడా నాదే. చివరి రెండు పేజీలు నోరా గురించి. ఆవిడ ఐలీన్‌కి రాసిన ఉత్తరం అది. మామయ్య అమెరికా నుంచి ఒకే ఒక్క ఉత్తరం రాశాడట. నోరా వాళ్ళమ్మ చనిపోయేదాకా ప్రతి క్రిస్మస్‌కీ అన్నయ్య పేరున కిటికీలో కొవ్వొత్తి వెలిగించేదట. అతనికి పిల్లలుంటే ఒక్కసారి చూడాలని ఉంది అని ముగించింది. ఆ రెండు పేజీలూ తీసేసి మిగతావి బైండు చేయించాను. చింపెయ్యడానికి చేతులు రాలేదు. మా అమ్మాయి పెళ్ళి పట్టుచీర మడతల్లో పెట్టాను. చింపలేదు కాబట్టి నేనంత చెడ్డదాన్ని కాదని అనుకోవడం కూడా జరిగింది. మనసుకి సిగ్గుండదు.

జేమ్స్ ఐర్లండ్ వెళ్ళాడు. ముక్కూ మొహం తెలియని ఒక కొర్నీలియస్ సమాధి ముందు టోపీ తీసి నిలబడి ఫోటో దిగాడు. వంశవృక్షాన్ని అందంగా అచ్చు వేయించి ఫ్రేము కట్టించాడు. పెన్సిల్ పేరు కాస్తా అచ్చుపేరైపోయింది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా హాల్లో అది నన్ను చూసేది. ఆరేళ్ళు చూసింది. చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ప్రతిసారీ ఆయన సంతోషం చూసి ఆగానని చెబితే మీరు నమ్ముతారా? నేను నమ్మను.

పోయినేడు మా అమ్మాయికి కడుపు పండింది. శ్రీమంతం రోజు, నేను గాజుల పళ్ళెం పట్టుకుని తిరుగుతుండగా జేమ్స్ లేచి నిలబడి అందరికీ చెప్పాడు. మనవడికి ముందు పేరు విహాన్, నడిమి పేరు కొర్నీలియస్. ఇక్కడ ఆసుపత్రిలోనే పేరు రాయించేసుకుంటారు. అందరూ చప్పట్లు కొట్టారు. తేలు కుట్టిన దొంగలా నేనూ నవ్వుతూ నిలబడ్డాను. ఒక ప్లంబర్ వ్యాను పేరు నా మనవడి నెత్తిన పడబోతోంది. అప్పటిదాకా నేను మోసం చేసింది పెద్దవాళ్ళని. ఇకనుంచి ఆ బరువు వాడు మొయ్యాలి, అదీ తెలియకుండా.

మర్నాడు పొద్దున్నే చీర మడతల్లోంచి పేజీలు తీసుకుని జేమ్స్ ఇంటికి వెళ్ళాను. దారిలో రెండుసార్లు కారు పక్కకి ఆపాను, రెండుసార్లూ మళ్ళీ ముందుకే తిప్పాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆ పేరు ఏ రికార్డులోనూ దొరకలేదు, ప్లంబర్ వ్యాను మీద చూసి రాశాను అని చెప్పాను. ఆయన నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. పేజీలు ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. ఎడమచేతి దగ్గర వేలు ఆగిపోయింది.

ఐలీన్ దీని గురించి నిన్ను అడిగిందా అన్నాడు. అడిగిందన్నాను. నువ్వేం చెప్పావన్నాడు. కుడిచెయ్యని చెప్పానన్నాను.

లేచి హాల్లోకి వెళ్ళి ఫ్రేము దింపి తెచ్చాడు. వెనక చీలలు విప్పి కాగితం బయటికి తీశాడు. కాగితం, దాని మీద పెన్ను నా ముందు పెట్టాడు. "ఆ పేరు రాసింది నువ్వు. నువ్వే కొట్టెయ్."

కొట్టేశాను. గీత వంకరగా వచ్చింది. పూర్తయ్యేదాకా చూసి, ఇక ఇంటికి వెళ్ళమన్నాడు. కోప్పడలేదు. క్షమించాననీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి పదకొండు. సిగ్గులేకుండా ఆకలేసింది. పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని రెండుసార్లు వడ్డించుకున్నాను. ఎన్నాళ్ళకి అన్నం రుచి తెలిసిందో! ఏడుస్తూనే తిన్నాను. అప్పుడే మావారికి చెప్పాను. ఆయన ప్లంబర్ వ్యానా అని ఒక్కసారి నవ్వి, తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళి సాయంత్రానికి గానీ రాలేదు. మా అమ్మాయి పది రోజులు నా ఫోన్ ఎత్తలేదు. మా ఆడపడుచుకి కూడా నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడకి ఆ మాట అన్నట్టే గుర్తు లేదు.

నోరా బతికే ఉంది. తొంభై మూడేళ్ళు. జేమ్స్ తన తండ్రి ఫోటో పంపితే చేతిలో పట్టుకుని ఎవరిది అని అడిగిందట. మీ మామయ్య అంటే తల ఊపి, కాసేపటికి మళ్ళీ ఎవరిది అందట. ఆరేళ్ళ కిందట ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. ఆ ఆరేళ్ళు నేను తీసుకున్నాను, తిరిగివ్వలేను. జేమ్స్ మాత్రం మే నెలకి టికెట్ బుక్ చేసుకున్నాడు. ఆవిడకి గుర్తులేకపోయినా నాకు గుర్తుంటుంది అని కెవిన్‌తో అన్నాడట. నాతో మాట్లాడటం తగ్గించేశాడు. అడిగినదానికి జవాబు చెబుతాడు. అది న్యాయమే. జేమ్స్ ఈసారి పంపిన ఉమ్మి పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వచ్చేదాకా జెరెమయాని ఐలీన్ పెన్సిల్‌లోనే ఉంచింది.

పోయిన ఆదివారం బారసాల చేశాం. పళ్ళెంలో బియ్యం పరిచి కెవిన్ చేతికి ఉంగరం ఇచ్చారు. ఎడమ చేత్తో విహాన్ అని రాశాడు. ఈసారి పురోహితుడుగారు ఏమీ అనలేదు. పళ్ళేనికి అవతల జేమ్స్ కూర్చున్నాడు. ఇంటిపేరు రాసే ముందు కెవిన్ చెయ్యి ఆగింది. పేర్ల సంగతి చూసేది నేనే అని పురోహితుడుగారికి ఎప్పుడో గుర్తుండిపోయింది కాబోలు, నా వైపు తిరిగారు.

"మధ్యలో ముత్తాతగారి తండ్రి పేరేదో పెడతామన్నారు కదమ్మా. ఏమిటది?"

జేమ్స్‌కి తెలుగు రాదు. అయినా ప్రశ్న ఏమిటో తెలిసినట్టుంది, తలెత్తి నా మొహంలోకి చూశాడు. మా ఆడపడుచు ఆ రోజులాగే ముందు వరసలో ఉంది.

"తెలియదండీ," అన్నాను.