పచ్చది కనపడేదాకా

ఈ ఉదయం ప్లాస్టిక్ బకెట్‌లో సున్నపు రాళ్ల మీద నీళ్లు పోయగానే అవి బుసబుసమన్నాయి, వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. ఆ ఘాటు తగిలితే నాకు మార్తమ్మక్కే గుర్తొస్తుంది. సూర్యాపేటలో మా పక్కింట్లో ఉండేది. ప్రభుత్వ దవాఖానాలో పుండ్లు కడిగి కట్లు కట్టే పని చేసి రిటైరైంది. పొట్టి మనిషి, మాట మాత్రం గట్టిది. మొదలుపెట్టిన పనిని సగంలో వదిలేయడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని కొంతైనా వదిలించింది ఆమే.

ఇల్లు కట్టుకున్నాక పెరట్లో కాస్త మట్టి మిగిలింది. అందులో నేను పెట్టిన జామ ఎండింది, దానిమ్మా ఎండింది. చివరికి హాలియా నుంచి రెండు బత్తాయి అంటుమొక్కలు తెచ్చాను. మా ఆవిడ సునీత అప్పుడే తేల్చి చెప్పింది: "ఇవి గూడ పోతే ఇగ బండలు పరిపిద్దాం. బండి పెట్టుకోనికన్నా పనికొస్తది."

ఆ నాలుగు గజాల మట్టీ పోతుందంటే నాకు నిజంగానే భయం వేసింది. అందుకే పొద్దునా సాయంత్రం మొదళ్లలో నీళ్లు పోశాను, కాండం చుట్టూ మట్టి ఎగదోశాను. రెండో ఏడు వానల్లో రెండింటి కాండం మీదా తేనెరంగు బొట్లు కనిపించాయి. మొక్క బలిసి బంక కారుతోందనుకుని, మార్తమ్మక్కను గోడ మీదుగా పిలిచి మరీ చూపించాను.

"గది చీము తమ్ముడూ," అంది.

గేటు తీసుకుని వచ్చి, నేను పోసిన మట్టినంతా చేత్తో లాగేసింది. అంటు కట్టిన చోటు బురదలో పూడిపోయి ఉంది. "బంక తెగులు ఇది. తడికి బూజు పట్టి తోలు మురుగుతది. దినాం మెడదాక నీళ్లల్ల నిలవెడితే నువ్వైనా మురుగుతవ్." మొదటి మొక్క చుట్టూ వేలు తిప్పి చూసింది. బెరడు చుట్టూతా కుళ్లిపోయింది. వెంటనే పీకేసింది. రెండోదానికి ఒక పక్కే కుళ్లు. కత్తి నాకిచ్చి చచ్చిన బెరడంతా గీకమంది, మందు పూసే పద్ధతీ చెప్పి వెళ్లింది.

గీకుతుంటే పాపమనిపించి మధ్యలోనే ఆపేసి మందు పూశాను. నెల తిరక్కుండానే ఆ పక్కనుంచి మళ్లీ బంక. సునీత టేపు పట్టుకుని పెరడు కొలిచింది. నాకు రోషం రావాల్సింది పోయి నీరసం వచ్చింది. "ఇగ పీకేద్దాం అక్కా," అన్నాను.

మార్తమ్మక్క వంగి ఆ గాయాన్ని చూసింది. "జాలిపడి సగంల ఆపినవ్. నేను దవాఖానల గిట్లనే ఆపితే ఎంతమందికి కాళ్లు తీసేస్తుండిరో. వాళ్లు ఏడుస్తుంటే నాకు గూడ ఏడుపొచ్చేది. ఏడ్సుకుంటనే కడిగేదాన్ని. పట్టు కత్తి. పచ్చది కనపడేదాక ఆపొద్దు."

పట్టాను. గాయం చుట్టూ పచ్చటి అంచు తేలేదాకా గీకాను. రాలిన పొట్టంతా ఏరి కాల్చేశాం. ఒక బకెట్‌లో మైలుతుత్తం, ఇంకోదాంట్లో సున్నం కలిపి, రెండూ మూడోదాంట్లో చిక్కగా కలిపాం. ఆ నీలం రంగుకు మురిసిపోయి నేను కుంచె ముంచబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. ఇనుప కత్తి ముంచి తీస్తే దాని మీద రాగిరంగు మరక పడింది. "తుత్తం ఎక్కువైంది. ఇది పూస్తే తోలును కాలుస్తది. ఇంకింత సున్నం పొయ్యి." అలా మూడుసార్లు ముంచాం. నాలుగోసారి కత్తి మరక లేకుండా పైకొచ్చింది.

మొక్క బతికింది. అది కాపుకొచ్చేనాటికి మార్తమ్మక్క కోదాడలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మొదటి కాపు సంచీలో వేసుకుని వెళితే, పండు ముట్టుకోకముందే కాండం ఎట్లుందని అడిగింది. మానింది గానీ మచ్చ పడిందన్నాను. "మచ్చ ఉంటదిలే," అని అప్పుడు పండు ఒలిచింది. కిందటేడు ఆమె పోయింది. ఆ కబురు విన్న రోజు నేను చాలాసేపు ఆ చెట్టు దగ్గరే కూర్చున్నాను.

పీకేసిన మొక్క ఉన్న చోటుకు కాస్త ఎడంగా సునీతే మరో అంటు పెట్టింది. బండల మాట ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. ఈ వానలకు దానికీ బంక కనిపించింది. నేను సున్నం తడుపుతుంటే కత్తి తనే తీసుకుంది. కొంత గీకి, చెయ్యి ఆపి, "శానా లేతగున్నది, పాపం. ఇగ సాలు కదా?" అంది.

వంగి చూశాను. అంచు ఇంకా గోధుమరంగులోనే ఉంది.

"ఏడ్సుకుంటనన్నా గీకు," అన్నాను. "పచ్చది ఇంకా కనపడలే."