పరీక్షకు పోయిన మట్టి

పత్తర్‌గట్టి వెనక ఒక నవాబుగారి పెద్ద బంగళా ఉండేది. మా ఆయన అక్కడ మాలీ. ముందున్న పచ్చికను అందరూ లాన్ అనేవాళ్ళు. పన్నెండేళ్ళు దాన్ని ఆయనే పెంచాడు. నాకు మాత్రం దాని మీద ప్రేమ లేదు. కాయ కాయదు, కూరకు రాదు, నీళ్ళు తాగుతుంది అంతే అనేదాన్ని.

యాభైల్లో ఉప్పులా తెల్లగా ఉండే కొత్త ఎరువు వచ్చింది. నవాబుగారు రెండు బస్తాలు తెప్పించి, ముందు మట్టిని పరీక్షకు పంపుదాం, ఎంత వేయాలో ఆఫీసువాళ్ళు రాసిస్తారు అన్నారట. మా ఆయనకు ఆ మాట నచ్చింది.

"హకీం నాడి జూడకుండ మందిస్తడా? గిది గూడ గంతే," అన్నాడు.

లాన్‌లో పది చోట్ల జానెడు లోతు తవ్వి, వేళ్ళు ఏరేసి, అంతా కలిపి ఇంటికి తెచ్చాడు. ఛత్రినాకలో మా వాకిట్లో, నీడన, పాత పేపరు మీద ఆరబోశాడు.

"దీన్ని ముట్టకే."

"ఎవలు ఎత్కపోతరు? బంగారమా?" అన్నాను.

మూడో రోజు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళాడు. నా ముందు అడుగంటిన గిన్నె ఉంది. అంత మెత్తటి మట్టిని ఊరికే ఎవరికో ఇచ్చేయడమా అనిపించింది. తోమడానికి గుప్పెడు తీశాను. ఇంకో గుప్పెడు. చూస్తే సగం లేదు. పొయ్యి బూడిద పారబోసే మూలన మట్టి గీకి, జల్లించి కలిపేశాను. మట్టి మట్టే కదా అనుకున్నాను. రెండో తరగతి చదువు నాది. కానీ ముట్టొద్దన్న మాట అర్థం కావడానికి చదువెందుకు?

ఆయన ఆ మట్టినే మూటగట్టి ఆఫీసుకు ఇచ్చొచ్చాడు. కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. మట్టిలో సున్నపు గుణం మస్తుగా ఉంది, ఎరువు రెండింతలు వేయాలని దాంట్లో ఉందట.

"నా చెయ్యి గట్ల చెప్తలేదే. గా మట్టి మంచిగనే ఉన్నది," అన్నాడు ఆయన అన్నం ముందు కూర్చుని.

"మరి ఏం జేస్తవ్?"

"సదువుకున్నోళ్ళు పరీక్ష జేసి రాసిన్రు. నాకేం ఎర్క?"

ఆ సున్నపు గుణం నేను కలిపిన బూడిద మట్టిది. అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఇంట్లో అందరి తప్పులూ పట్టేదాన్ని నేను. నా తప్పు ఎట్లా ఒప్పుకోను? మింగేశాను.

కాగితంలో రాసినట్టే ఆయన రెండింతల ఎరువు చల్లాడు. వారం తిరిగేసరికి గడ్డి కొసలు మాడాయి. తర్వాత మొదళ్ళు. ఆయన పగలంతా నీళ్ళు పట్టాడు, అయినా పచ్చదనం తిరిగి రాలేదు. నేను అన్నం గిన్నె తీసుకెళ్ళిన రోజు నవాబుగారు వరండాలో నిలబడి ఉన్నారు. కోప్పడలేదు.

"జానే దో భాయ్. మళ్ల పెంచుదాం."

"నాతోని గాదు సాబ్, మాఫ్ చెయ్యిండ్రి. తప్పు నాదే. మట్టి తీసుడు నాకు రాలే. ఏడనో చెడ్డ జాగల తీసి ఉంట."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. అన్నం గిన్నె మెట్టు మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆయన ఆ పని మానేసి బట్టల దుకాణంలో తానులు మోయడానికి కుదిరాడు. తర్వాత ఇంట్లో తులసి కుండీకి మట్టి మార్చమన్నా, "నువ్వే జూస్కో, నాకు మట్టి తెల్వదు," అనేవాడు. ఎగతాళిగా కాదు. నిజంగా అలాగే నమ్మాడు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆయన జ్వరంతో మంచం పట్టినప్పుడు, ఈ రోజు చెప్పేస్తానని పక్కన కూర్చున్నాను. నా ముఖం చూసి ఆయనే అడిగాడు.

"ఏందే? ఏమన్న చెప్తవా?"

"ఏం లేదు. పాలు తాగు," అన్నాను.