మధ్యాహ్నం పూట రెండు డిగ్రీలు

అయస్కాంతపు సూది ఎప్పుడూ ఉత్తరాన్నే చూపిస్తుందని ఏడో తరగతిలో చెప్పారు. బట్టీ పట్టాం. పదో తరగతికి వచ్చాక, అదేమంత కచ్చితం కాదు, రోజులో కొంచెం అటూ ఇటూ జరుగుతూ ఉంటుందని మా ఫిజిక్సు సారు చెప్పారు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే బట్టీ పట్టే శ్రమైనా తప్పేది కదా అనుకున్నాను. ఆ వయసులో నాకు నోరెక్కువ. నా అదృష్టం కొద్దీ సగం మాటలు లోపలే ఉండిపోయేవి.

సారుది కోస్తా. ఉప్పల్లో మా బడికి బదిలీ మీద వచ్చారు. జిల్లా సైన్సు ఎగ్జిబిషన్‌కి అందరూ నీటిచక్రాలూ కరెంటు గంటలూ చేసుకుని వస్తారనీ, మనం మాత్రం సూది రోజులో ఎంత జరుగుతుందో కొలిచి చూపించాలనీ ఆయన పట్టుదల. దానికి ఇద్దర్ని తీసుకున్నారు. ఒకడు నాగోల్ నుంచి సైకిలు మీద వచ్చే అబ్బాయి. వాడు తొందరగా వస్తాడు కనుక పొద్దున తొమ్మిదింటి లెక్క వాడిది. నేను నాచారం నుంచి నడిచి వచ్చేదాన్ని, ఎప్పుడూ ఆలస్యమే. అందుకని మధ్యాహ్నం రెండింటి లెక్క నాకిచ్చారు.

సారు తీసుకున్న జాగ్రత్త అంతా ఇంతా కాదు. ఇనప బీరువాకు దూరంగా వరండా చివర చెక్క స్టూలు వేయించి, అందులో ఉన్న మేకులన్నీ పీకించి కర్ర చీలలు కొట్టించారు. దాని మీద దిక్సూచి డబ్బా. లోపల సూదికి అడ్డంగా పొడుగాటి అల్యూమినియం ముల్లు, దాని కింద డిగ్రీల గీతలు, అద్దం. ఒక కన్ను మూసి, ముల్లు అద్దంలో దాని నీడను సరిగ్గా కప్పేదాకా డబ్బా మీదికి వంగి, అప్పుడు అంకె చూడాలి. ఆ అబ్బాయిని సైకిలు గేటు బయటే పెట్టమన్నారు, జేబులో తాళంచెవి ఉంటే తీసి కిటికీలో పెట్టి రమ్మన్నారు. నాకు జేబులు లేవు కనుక నాకేమీ చెప్పలేదు.

మూడు వారాలు రాశాం. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం దానికంటే రెండు డిగ్రీలు ఎక్కువ. రోజూ అంతే. ఎండకేమో అని నేను, మౌలాలి దగ్గర రైళ్ళ వల్లనేమో అని వాడు వాదించుకున్నాం. సారు మాత్రం పుస్తకంలో ఉన్నది కళ్ళ ముందు కనపడిందని పొంగిపోయారు. తర్వాతెప్పుడో ప్రైవేటుగా పరీక్షలు రాసి, నేనే పిల్లలకు పాఠాలు చెప్పే దశకు వచ్చాక తెలిసింది: నిజంగా సూది జరిగేది ఆవగింజంత. అటువంటి డబ్బాలో దాన్ని చూడాలంటే దేవుడే దిగి రావాలి. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు. సారుకీ తెలియదనే అనుకుంటాను.

ఎగ్జిబిషన్లో మా చార్టు దగ్గర ఒక పెద్దాయన చాలాసేపు నిలబడ్డారు. అయస్కాంతాల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసు నుంచి వచ్చారట. ఊరికి దూరంగా వాళ్ళకొక గది ఉందనీ, అందులో ఇనుమన్నది లేకుండా కట్టారనీ, వేసవి సెలవుల్లో బడిపిల్లల్ని ఒక నెలపాటు అక్కడ పనికి తీసుకుందామని ఆలోచిస్తున్నామనీ చెప్పారు. రెండు డిగ్రీలు ఆయనకు మింగుడు పడలేదు. కోప్పడలేదు కానీ ఒక షరతు పెట్టారు: ఒక వారం అమ్మాయి పొద్దున, అబ్బాయి మధ్యాహ్నం రాయాలి. తర్వాత తానే వచ్చి చూస్తారు, లెక్క కుదిరితే ఆ గదికి ఇద్దరూ రావచ్చు.

ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా నాయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదో తరగతి కాగానే నన్నూ అక్కడే డబ్బాలకు చీటీలు అంటించే పనిలో పెట్టాలని ఎప్పుడో అనుకున్నాడు. పెద్ద ఆఫీసు వాళ్ళు పిలుస్తున్నారంటే కొంచెం మెత్తబడ్డాడు. ఆ నెల రోజులు దొరికితే కాలేజీకి పంపుతాననీ, దొరకకపోతే మారు మాట్లాడకుండా పనిలోకి రావాలనీ అన్నాడు. మా అమ్మ ఆ రాత్రి ప్రార్థనలో సూదిని కూడా చేర్చింది.

మర్నాటి నుంచి పూటలు మార్చుకున్నాం. సూది కూడా మార్చుకుంది. ఇప్పుడు పొద్దున రెండు డిగ్రీలు ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. మొదటి రోజు పొరపాటన్నాం. రెండో రోజూ అదే. మూడో రోజుకు విషయం ముగ్గురికీ అర్థమైంది. తేడా పొద్దుకీ మధ్యాహ్నానికీ కాదు. వాడికీ నాకూ.

నా తల తిరిగిపోయింది. కన్ను తేడానా? వాడు మూసే కన్ను మూశాను. నిలబడే చోటు తేడానా? వాడి చెప్పుల గుర్తుల మీదే నిలబడ్డాను. నేను వెళితే రెండు డిగ్రీలు, వాడు వెళితే లేదు. సూదికి నేనంటే ఏం పగ? మా అమ్మ ఒంట్లో వేడెక్కువైందని సబ్జా నీళ్ళు తాగించింది. సూది చల్లబడలేదు. నాలుగో రోజు కుట్టుపని నేర్పే టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, చెవిలో, నువ్వు బయట ఉన్నావా అని అడిగింది. సారే అడగమన్నారట. ఆ రోజుల్లో ముట్టుకుంటే ఊరగాయ చెడిపోతుందన్నట్టు, దిక్సూచి కూడా చెడుతుందేమో అని ఫిజిక్సు చదివిన మనిషికి అనుమానం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. నెలకు నాలుగు రోజుల సంగతైతే ఇన్ని వారాలూ రోజూ ఎందుకు తప్పుతుందో కాస్త లెక్క వేసుకోమని చెప్పాలనిపించింది. తలకాయ అడ్డంగా ఊపి వచ్చేశాను. వచ్చాక, ఏమో, నిజంగానే నాలో ఏదైనా ఉందేమో అని ఏడ్చాను కూడా.

శనివారం సారును బతిమాలి డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. వంటింటి గూడు పక్కన పెట్టగానే సూది గిరగిరా తిరిగింది. గూట్లో మా నాయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పాత గుండ్రటి అయస్కాంతం ఉంది. సూదులూ పిన్నీసులూ పోకుండా అమ్మ వాటిని దానికే అంటించి ఉంచేది. సరే అని డబ్బాను ముందు గదిలో నవారు మంచం మీదకు మార్చాను. ఇంట్లో కట్టుకునే పాత చీరతోనే వంగి చూశాను. సూది కదల్లేదు. బడికి వేసుకునే లంగా ఓణీ వేసుకుని మళ్ళీ వంగాను. ముల్లు మెల్లగా రెండు డిగ్రీలు జరిగి ఆగింది.

ఓణీకి భుజం మీద ఒక పిన్నీసు. జాకెట్టు నాది కాదు, మా అక్క తొడిగి వదిలేసినది, ముందు హుక్కులు రెండు ఊడిపోయాయి. అక్కడ రెండు పిన్నీసులు. రోజూ పొద్దున అమ్మ ఆ అయస్కాంతం మీద నుంచి పీకి పెట్టేది. వాటికీ అయస్కాంతం గుణం పట్టింది. నేను ఒక కన్ను మూసుకుని ఎంత శ్రద్ధగా వంగితే, అవి డబ్బాకు అంత దగ్గరగా వచ్చేవి. మూడూ తీసేసి ఓణీని పంటితో పట్టుకుని చూశాను. సూది బుద్ధిగా మొదటి అంకె మీదికి వచ్చి నిలబడింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. అయినా నాకు ఎంత సంతోషమైందో! నాలో ఏమీ లేదు. ఉన్నదంతా పిన్నీసులోనే.

సంతోషం ఒక పూట ఉంది. ఇది చెప్పాలంటే పిన్నీసు ఎక్కడుందో చెప్పాలి. సారుకి, ఆ పెద్దాయనకి, నాగోల్ అబ్బాయికి, జాకెట్టు హుక్కుల సంగతి ఎలా చెప్పడం? చెప్పకుండా సోమవారం పిన్నీసులు తీసేసి, హుక్కులు కుట్టుకుని పోతే? అంకెలు కలిసిపోతాయి, ఎలా కలిశాయో ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చిలో కూర్చుని ఇదే ఆలోచన. అబద్ధం కాదు కదా అని ఒకసారి, కాకపోతే మరేమిటని ఇంకోసారి.

వారం కాగానే పెద్దాయన వచ్చారు. పిన్నీసు ఒకటి చేతిలో పట్టుకొచ్చి స్టూలు మీద, డబ్బా పక్కన పెట్టాను. ముల్లు జరిగింది. తీశాను. తిరిగి వచ్చింది. ఇది ఎక్కడిదని సారు అడిగారు. నేను నేల చూశాను. పెద్దాయనకు అర్థమైంది, వరండా బయటికి చూడసాగారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇది కనిపెట్టడమే అసలు పనమ్మా. అంకెలు ఎవరైనా రాస్తారు," అన్నారు. ఆ మాటలు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. నాచారం దాకా నడిచినట్టు కూడా తెలియలేదు.

రెండు వారాలకు ఆఫీసు నుంచి టైపు చేసిన ఉత్తరం వచ్చింది. సారు నన్ను స్టాఫు రూముకు పిలిచి తెలుగు చేసి చెప్పారు. ఆడవాళ్ళ దుస్తుల్లో ఇనుము ఉండే అవకాశమున్నదని మీ బడి పరిశీలనలోనే రుజువైంది. కాబట్టి మా గదిలోకి అమ్మాయిలను అనుమతించడం కుదరదు. అబ్బాయిని పంపగలరు.

నేను మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే ఉంది. పిన్నీసులు మానేసి నాడాలు కుట్టుకుని వస్తానని చెప్పాను. వాడి జేబులో తాళంచెవి ఉంటే తీసి కిటికీలో పెట్టమన్నారు కదా, నన్నూ అలాగే తీసి పెట్టమనవచ్చు కదా అని అడిగాను. సారు ముఖం చిన్నబోయింది. రాసి చూస్తానన్నారు. రాశారు కూడా. జవాబు రాలేదు. ఉత్తరం మీద సంతకం ఆ పెద్దాయనది కాదు. ఆయనకు తెలిసి జరిగిందో తెలియక జరిగిందో నాకు తెలియదు.

అబ్బాయి తానూ పోనన్నాడు. నాకు కోపమొచ్చింది. "నువ్వు పోకుంటే ఆ జాగ నాకిస్తరా? పో," అన్నాను. పోయాడు.

మా నాయనకు ఆ సాయంత్రం మొత్తం చెప్పాను, జాకెట్టు సంగతి తప్ప. బీడీ ఆర్పేశాడు. ఆయనకు సూదీ తెలియదు, డిగ్రీలూ తెలియవు.

"నువ్వు జెప్పింది నిజమేనా బిడ్డా?"

"నిజమే నాయినా."

"గట్లయితే నిజం జెప్పినందుకు నిన్నెందుకు వద్దన్నరు?"

నన్ను తప్పుపట్టాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను లేచి అన్నం వడ్డించాను.

పరీక్షలైన సోమవారం ఆయన వెనకే ఫ్యాక్టరీకి నడిచాను. భుజం మీద పిన్నీసు, జాకెట్టుకు రెండు. గేటు దగ్గర పేరు రాసుకుని లోపలికి పొమ్మన్నారు. ఒంటి మీద ఏముందని ఎవరూ అడగలేదు.