రెండు చింతగింజలు తీసిన శనివారం

మొన్న హనుమకొండలో ఒక పెళ్లి వంటకు సరుకులు కొనడానికి వెళ్లినప్పుడు దుకాణం అబ్బాయి నల్ల కిస్‌మిస్ బస్తా మూతి విప్పాడు. తీపిలో కాస్త పులుపు, ఆ పులుపు అడుగున ఎండిన నేల వాసన. ఎంతమందికి ఎంత బియ్యం, ఎంత నూనె అని లెక్క చెప్పడమే నా పని. ఎక్కడా చదువుకుని నేర్చింది కాదు, చేస్తూ చేస్తూ వచ్చింది. ఆ రోజు మాత్రం అబ్బాయి రెండుసార్లు అడిగినా ఎన్ని కిలోలో చెప్పలేకపోయాను. అది మా నాయినమ్మ శనివారం సాయంత్రాల వాసన.

మాది అప్పట్లో ఊరి చివర రేకుల చర్చి వెనక వీధి. ఎండాకాలం రేకులు టపటపమని సాగేవి, వానాకాలం పాస్టరు ప్రసంగం మీద వాన ప్రసంగం చేసేది, చలికాలం వస్తే ఇంటింటా క్రిస్మస్‌కు గరిజెలు, సకినాలు చుట్టేవాళ్లు. మేం పిల్లలం పిండి చేతులతోనే వీధిలో గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. నాయినమ్మకు చదువు రాదు. కానీ ప్రతి నెలా మొదటి ఆదివారం, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ బాప్తిస్మం పొందినవాళ్లంతా తలా కాస్త తీసుకునే ప్రభు బల్లకు రొట్టె, ద్రాక్షరసం ఆమే చేయాలి. ఆమె అత్త చేసింది, తర్వాత ఆమె చేసింది. శుక్రవారమే కిస్‌మిస్ నానబెట్టి, శనివారం తలస్నానం చేసి, ఇత్తడి గిన్నెలో సన్నసెగ మీద మరిగించి, పలుచని తెల్లగుడ్డలో పిండేది. పులియని పిండితో రొట్టెలు చేసి పెనం మీద కాల్చి, కత్తితో గోరంత ముక్కలు కోసేది. ఆ పని అయ్యేదాకా మేం గట్టిగా నవ్వినా ఊరుకునేది కాదు.

అసలు పని పొయ్యి వెలిగించక ముందే మొదలయ్యేది. మిగిలితే పారబోయకూడదు, తక్కువైతే సంఘంలో ఒకరు ఖాళీ చేతులతో తిరిగిపోతారు. అందుకని నాయినమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని, మనిషికొక చింతగింజ చొప్పున కుప్ప పోయించి, ఇల్లిల్లూ తలుచుకునేది. "సారమ్మ కాన్పుకు తల్లిగారింటికి పోయింది, ఒకటి తియ్యి. యేసోబు దవాఖానల ఉన్నడు, తియ్యి. ఆ కొత్త పిలగానికి బాప్తిస్మమైంది గదా, ఒకటెయ్యి." మిగిలిన కుప్పను బట్టి పది గింజలకు ఒక పిడికెడు చొప్పున నానిన కిస్‌మిస్ గిన్నెలో పడేది. నేను తీసివేతలు బడిలో నేర్చుకోలేదు, రాని మనుషుల దగ్గర నేర్చుకున్నాను.

మా అమ్మ కాశిబుగ్గలో మగ్గాల ఇంటి పిల్ల. నాన్నను చేసుకున్నాక బాప్తిస్మం తీసుకుంది. ఆమె వెనక పుట్టిన ఒక్క చెల్లెలు, మా చిన్నమ్మ, దేవుడి పటాల మధ్యే పెరిగింది. తల్లిదండ్రులు పోయాక చిన్నమ్మ పెళ్లి కుదిరింది. పసుపు పెట్టే రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. మగ్గాలు ఆపేసిన ఆ ఇల్లు వింతగా నిశ్శబ్దంగా ఉంది. నూలు ఉండలు మూలకు నెట్టి పీట వేశారు. అమ్మ పసుపు గిన్నె అందుకోబోతే ఒక పెద్దావిడ ఆపింది.

"బొట్టు లేని నొసలుతోని పెండ్లిపిల్లను ముడ్తవా?"

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. చిన్నమ్మ పీట మీంచి లేచింది. "అక్క ముట్టకుంటే నాకు పసుపే వద్దు. అమ్మ లేదు, ఇగ అక్క గూడ లేకుంటే నేనెవరి పిల్లను?"

అమ్మ నుదురు ముందుకు వంచింది. పెద్దావిడ కుంకుమ పెట్టింది. అమ్మ తన చేతులతో చెల్లెలి బుగ్గలకు, పాదాలకు పసుపు రాసింది. ఆ సాయంత్రమే మా ఇంట్లో కూడిక ప్రార్థన ఉంది. ఆటో దొరకక ఆలస్యమైంది. అమ్మ పరుగున వచ్చి చేతుల పసుపు గీకి గీకి కడుక్కుంది, కొంగు తల నిండా కప్పుకుని చాప మీద మోకరించింది. నుదురు సంగతి ఆమెకూ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. ప్రార్థన ముగిసి అందరూ ఆమెన్ అని తలలెత్తాక కొంగు జారింది. పాస్టరుగారు ఎదురుగా కూర్చున్నారు.

ఆయన చెడ్డవారు కాదు. మా నాన్నకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న మనిషి. కానీ ఆదివారం చర్చిలో, బొట్టు పెట్టుకోవడం తప్పని సంఘం ముందు ఒప్పుకునేదాకా అమ్మ బల్లకు రాకూడదని చెప్పారు. ఇంటికి రాగానే నాయినమ్మ అమ్మను తిట్టని తిట్టు లేదు.

"తుడుసుకోనన్న తుడుసుకోకపోతివి! ఒక్క మాట ఒప్పుకుంటే నీ నోరేమన్న అరిగిపోతదానే?"

"తప్పని ఎట్లనాలె అత్తా?" అంది అమ్మ, చాటలో బియ్యం ఏరుతూ. "గది తప్పంటే నా చెల్లె పెండ్లే తప్పయితది."

బల్ల ముందటి శనివారం వచ్చింది. కిస్‌మిస్ నానింది, గింజల కుప్ప పోశాను. ఇళ్లన్నీ అయ్యాక నాయినమ్మ, "మీ అమ్మది తియ్యి" అంది. తీశాను. "ఇంకోటి తియ్యి" అంది.

"ఎవరిది నాయినమ్మా?"

"నాది."

వాకిట్లో అంట్లు తోముతున్న అమ్మ మసి చేతులతోనే గడపలోకి వచ్చింది. "అత్తా, గట్ల జెయ్యకు. నా పాపం నీ మెడకెందుకు?"

"నోర్ముయ్యి. ఇంట్ల ఒకతి పస్తుంటే ఇంకోతికి ముద్ద దిగుతదా? పో, గిన్నెలు తోముకో."

మర్నాడు చర్చిలో నాయినమ్మ తాను చేసిన రొట్టె, రసం బల్ల మీద పెట్టి, తెల్లగుడ్డ కప్పి, వెనక్కి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అందరూ తీసుకున్నాక పాస్టరుగారు ఆమె కోసం చూసి, గిన్నె అడుగు చూసి, ఆగిపోయారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మెల్లగా, "మీరెందుకు రాలేదమ్మా?" అని అడిగారు.

"తెచ్చినకాడికి సరిపోయిందయ్యగారు" అంది నాయినమ్మ.

అలా నెలలు గడిచాయి. అమ్మ ఒప్పుకోలేదు, పాస్టరుగారు సడలలేదు, నాయినమ్మ బల్లకు లేవలేదు. రసం చేయడం మాత్రం ఆపలేదు. ఆ వానాకాలం మంచం పట్టింది. పాస్టరుగారు గొడుగు కింద రొట్టె, రసం దాచుకుని మా ఇంటికి వచ్చారు. ఆ రసం అమ్మ కాచిందే. నాయినమ్మ మంచం పట్టాక ఆ కొలత తెలిసిన పెద్దవాళ్లలో మిగిలింది అమ్మ ఒక్కతే.

నాయినమ్మ కళ్లు తెరిచి, "ఎందరికి తెచ్చినవయ్యా?" అని అడిగింది.

"మీ ఒక్కరికేనమ్మా."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, "తీస్కో అత్తా, నీ కాల్మొక్త" అని ఏడ్చింది. పాస్టరుగారు ఆ గిన్నె అమ్మ వైపు జరుపుతారని నేను చూస్తూనే ఉన్నాను. వాన తగ్గాక లేచి వెళ్లిపోయారు. ఆ వారంలోనే నాయినమ్మ పోయింది.

తర్వాత పాస్టరుగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయనకు ఈ కథ తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. ఒక ఆదివారం అమ్మ లేచి, అందరితో పాటు వరుసలో నిలబడి, రొట్టె తిని, రసం తాగి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి పక్కన పెట్టేసింది. "గింత అల్కగ అయిపోయేదానికా, అత్త గట్ల పోయింది?" అంది. నాన్న తల వంచుకుని తిన్నాడు. అమ్మ ఆ పూట తినలేదు.

ఇప్పుడు రేకుల చోట స్లాబు పడింది, ఏసీలు వచ్చాయి. బల్లకు ఎవరూ ఏమీ కాచరు. చిన్న ప్లాస్టిక్ కప్పులో రసం, మూత మీద బిళ్లంత రొట్టె, పైన రేకు కాగితం అంటించి డబ్బాలకు డబ్బాలు కొనుక్కొస్తారు. శుభ్రం, సులువు. మిగిలినవి బీరువాలో పెట్టి వచ్చే నెలకు వాడతారు, కాబట్టి ఎవరొస్తారు, ఎవరు రారు అని ముందు రోజు కూర్చుని తలుచుకునే పని లేదు. బొట్టు పెట్టుకున్నవాళ్లు వచ్చి తీసుకున్నా అడిగేవాళ్లు లేరు. అది మంచిదే, నేను కాదనను.

పోయిన నెల అమ్మ మోకాళ్ల నొప్పితో మంచం దిగలేక రాలేదు. నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఆరాధన అయ్యాక ఎవరైనా అడుగుతారేమోనని గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ కావాలనే ఆలస్యం చేశాను. అందరూ వందనాలు చెప్పి, బండ్లు తీసుకుని వెళ్లిపోయారు. లోపల ఒక కుర్రవాడు మిగిలిన కప్పులను డబ్బాలోకి సర్దుతున్నాడు. చాలానే మిగిలాయి. వాటిలో అమ్మది ఒకటుందని అతనికి తెలియదు.